పెదబాబు వీపు

కవరు వచ్చేసరికి దాసు చేతులు మణికట్టు దాకా ఫొటోలు కడిగే మందునీళ్ళలో ఉన్నాయి. స్టూడియో యజమాని గణపతిరావే దాన్ని చించి చదివాడు. విశాఖపట్నంలో జరిగిన ఫొటోల పోటీలో దాసు పంపిన వీపు ఫొటోకి మొదటి బహుమతి.

"ఒరే దాసూ, గెలిసీసేవురా!" అంటూ కుర్చీలోంచి లేచాడు గణపతిరావు. "అయినా వీపుకి ప్రైజేటిరా? మన స్టూడియోకొచ్చి ఎవడేనా నా వీపు తియ్యండంటాడేటి?"

దాసు నవ్వి చేతులు పంచెకి తుడుచుకున్నాడు. మందుకి అతని గోళ్ళు ఎప్పుడో తేనెరంగు తిరిగిపోయాయి. ఇరవై రెండేళ్ళుగా చోడవరంలో ఆ పరదా ముందు కూర్చున్న ప్రతివాళ్ళ గడ్డమూ సరిచేసింది అతనే. "ఇటు సూడండి, కదలకండి" అనేదీ అతనే. కెమెరా మీట నొక్కేది మాత్రం గణపతిరావు.

స్టూడియో నూతిలో ఉప్పునీళ్ళు. వాటితో కడిగితే ఫొటోలు చారలు కడతాయి. అందుకని దాసు రోజూ ప్రింట్లన్నీ బేసిన్లో వేసుకుని బొడ్డేరుకి పోయి, పారే నీళ్ళలో కడుగుతాడు. ఎంత బిగుసుకుని కూర్చున్న పెళ్ళికొడుకైనా అక్కడ అతని వేళ్ళ మధ్య చేపపిల్లలా అల్లాడాల్సిందే.

గోవాడలో పంచదార ఫ్యాక్టరీ పెడతారటని చెప్పుకుంటున్న రోజులవి. చెరకు ఇంకా బెల్లం పొయ్యిల మీదే ఉడికేది. పెదబాబు అలాంటి ఓ పొయ్యి దగ్గర పనిచేసి, సాయంత్రానికి ఒళ్ళంతా మసితో, దాసు ప్రింట్లు కడిగే రేవులోకే దిగేవాడు. భార్య పైడితల్లి, దాసుకి అక్క వరస, బీరపీచుతో అతని వీపు తోమేది. మనవరాలు చెంబుతో నీళ్ళు పోసేది, సగం తాత మీద, సగం తన మీద. మసి కిందనుంచి ఒకనాడు మరిగే పాకం చింది కాలిన మచ్చ, రావి ఆకంతది, మెల్లగా పైకి తేలేది. మందునీళ్ళ ట్రేలో కాగితం మీద బొమ్మ తేలినట్టే ఉందే అనిపించి, ఒకరోజు దాసు గణపతిరావుని అడిగి కెమెరా తెచ్చుకున్నాడు. రీల్లో ఒక్క ఫొటోకే చోటు మిగిలింది. "ఇటు సూడు బావా" అన్నమాట నోటిదాకా వచ్చింది. అనకుండానే మీట నొక్కాడు.

కవరు వచ్చిన మధ్యాహ్నమే, పెదబాబుకివ్వడానికి ఇంకో ప్రింటు తీశాడు. పన్నెండు రోజులు జ్వరంతో పడుకుని దాసు ఆరోజే పనిలోకి వచ్చాడు. ప్రింటు బేసిన్లో వేసుకుని ఏటికి నడిచాడు.

రేవులో పైడితల్లి ఒక్కర్తే ఉంది.

"బావేడప్పా?"

"ఎల్లిపోనాడు తమ్ముడూ. పది రోజులైపోనాది. పొయ్యి కాడే కూలబడిపోనాడు." ఆమె చీర జాడిస్తూనే చెప్పింది. "రేపు పెద్దకర్మం. పీట మీద ఎట్టడానికి ఫొటో నేదు. ఎప్పుడేనా మీ కొట్టుకొచ్చి తీయించుకున్నాడేటి?"

రాలేదు. ఆ సంగతి దాసుకి తెలుసు. బేసిన్లోంచి ప్రింటు తీశాడు గానీ ఇవ్వడానికి చెయ్యి సాగలేదు.

"మొకం పడనేదప్పా. పిలిస్తే బావ తిరిగేవోడే. నానే పిలవనేదు."

పైడితల్లి చేతులు కొంగుకి తుడుచుకుని, తడి ప్రింటుని అంచులు పట్టుకుని చూసింది. చాలాసేపు చూసింది. బొటనవేలు మచ్చ మీదకి వెళ్ళి ఆగింది.

"మొకం ఊరంతా సూసిందే," అంది. "ఇది నాను తోమింది."

ప్రింటుని మళ్ళీ దాసు చేతికిచ్చింది.

"రేపు పీట మీద ఇదే ఎడతాం. దండ నానే గుచ్చుతాను."

"ఆరబెట్టి, అద్దం కట్టించి పొద్దున్నే తెస్తానప్పా."

ఆమె చీర పిండి భుజాన వేసుకుని గట్టెక్కింది. రేవురాతి సందులో బీరపీచు ఉండిపోయింది. పది రోజుల ఎండకి బిగుసుకుపోయింది గానీ, పీచుల మధ్య మసి ఇంకా నల్లగానే ఉంది.