కంచం మీద పేరు

“చెత్త పారేసుడు నేర్చుకోనీకి సికింద్రాబాద్ దాక పోవాల్నా?” అన్నాడు కిషన్, చాయ్ తాగిన గ్లాసు కిటికీలో వదిలేస్తూ. భర్త ఎంగిలి గ్లాసు కడిగి బోర్లించి, నాగజ్యోతి బస్సెక్కింది.

ఊరి ఆరోగ్య కేంద్రంలో ఆమె నర్సు. సూదులు వెయ్యడమే కాదు, వేశాక మిగిలిన సూదులూ నెత్తుటి దూదీ ఎత్తడం కూడా ఆమె పనే. పోయిన వానాకాలం ఎవరో ట్రేలో దూది కింద వదిలేసిన సూది ఆమె వేలికి దిగింది. రక్తపరీక్షలన్నీ అయ్యేదాకా ఇంట్లో ఆమెకు సొట్టపోయిన కంచం వేరుగా పెట్టారు. “నలుగురం తినే ఇల్లు, ఏమనుకోకు” అంది అత్త కమలాబాయి. కంచమైతే వేరు చేశారు గానీ, అందరి కంచాలూ కడిగింది ఆమే. ఆ చేతులకు మాత్రం ఎవరూ భయపడలేదు. ఏ రోగమూ లేదని తేలాక కూడా ఆ సొట్ట కంచం ఆమెకే ఉండిపోయింది.

ఆసుపత్రి చెత్త ఎలా పారెయ్యాలో నేర్పే ఆ శిక్షణకు వచ్చినవాళ్లంతా ఊళ్ల నర్సులే. మేడమ్ ఎర్రసిరా పూసిన దూదీ, సూదులూ, గాజు సీసాలూ బల్ల మీద కుప్పపోసి, ఏది ఏ రంగు సంచిలోకి, ఏ డబ్బాలోకి పోవాలో చెప్పి వేయించింది.

“మా ఆయన్ని ఏ సంచిల ఎయ్యాలె మేడమ్?” అంది పక్క ఊరి బ్యూలా. హాలంతా గొల్లుమంది.

మేడమ్ కూడా నవ్వి, “ముందు ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. సూది వాడిన చెయ్యే దాన్ని తెల్ల డబ్బాలో వెయ్యాలి, అక్కడికక్కడే. వెనకాల ఇంకొకరు చెయ్యి పెట్టే పని మిగల్చొద్దు” అంది.

నాగజ్యోతికి కిటికీలో గ్లాసు గుర్తొచ్చింది. మంచం మీది తడి తువ్వాలు, స్నానాల గది గట్టు మీద గడ్డం గీసుకున్న బ్లేడు, మెతుకులు ఎండి అతుక్కున్న కంచాలు. అన్నిట్లోనూ వెనకాల పెట్టిన చెయ్యి తనదే. ఇన్నేళ్లూ దాన్నే కాపురం అనుకుంది. ఇంట్లోవాళ్లు ఎంత అన్యాయంగా రూలు తప్పుతున్నారో తలచుకుంటే ఏడుపు రావాలి గానీ, ఎందుకో నవ్వొచ్చింది. మధ్యాహ్నం ఎవరో వడ్డించిన వేడన్నం, కూర్చున్న చోటు నుంచి లేవకుండా, మారు పప్పు అడిగి మరీ తింది.

సాయంత్రం బ్యూలాను వెంటబెట్టుకుని రెజిమెంటల్ బజార్‌లో స్టీలు సామాన్ల దుకాణానికి పోయింది. ఇంట్లో మంచి కంచాలన్నిటి మీదా చనిపోయిన మామ వీరయ్య పేరే. బరువైన కంచం ఒకటి ఎంచుకుంది.

“పేరేం కొట్టాలెమ్మా? సారుదేనా?” అన్నాడు దుకాణదారు.

“నాగజ్యోతి.”

పేరు కొట్టే మిషన్ జుయ్యిమంటుంటే కిషన్ ఫోన్. “యాడున్నవ్? తిన్న కంచాలు అట్లనే ఉన్నయ్. అమ్మకు మోకాళ్ల తక్లీఫ్. జెర జల్ది రా.”

“ఎవరు తిన్నది వాళ్లే కడగాలె, అక్కడికక్కడే. ఇయ్యాల ట్రైనింగుల చెప్పిండ్రు.”

“ఏందీ?”

“ఏమంటున్నదిరా?” అవతల అత్త గొంతు.

“కంచం కడుక్కోమంటున్నదమ్మా!”

నాగజ్యోతి ఫోన్‌ను బ్యూలాకూ వినబడేలా ఇద్దరి మధ్యా పట్టుకుంది.

“గంతేనా? మీ నాయన బతికినన్నాళ్లు గ్లాసు సుత జరపలే. అన్నీ నేనే కడిగిన. నీది కడుక్కో, ఆ చేత్తోనే నాది సుత కడుగు. సబ్బు జెర తక్కువ పెట్టు!”

ఫోన్లోంచి నల్లా తిప్పిన చప్పుడు వినబడింది. బ్యూలా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

“అన్నా, ఇంకో కంచం తియ్యి. కమలాబాయి అని కొట్టు.”

“మరి సారుకు?”

“సారు పాతది కడుగుతున్నడు” అంది నాగజ్యోతి.