రోజుకొక్క సూది

గోడ కూలడానికి కారణం బావమరిది. పెద్దమేస్త్రీ లెక్కలో అందులో రెండో మాటకు తావులేదు.

అంతకుముందు పరంజా మీద నుంచి జారి మేస్త్రీ మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. ఎముకలు గుల్లబారాయని డాక్టరు రోజుకొక హార్మోను సూది రాశాడు. సగం కట్టిన ప్రహరీ బావమరిది చేతికి వెళ్లింది. భార్య పోతూ పోతూ తన తమ్ముణ్ణి మేస్త్రీ నెత్తిన పెట్టిపోయింది. గోడతో పాటు పెద్దరికం కూడా వాడికే పోతుందని అతని దిగులు.

"మూడు పొడిచెయ్యవే, తొందరగా అతుక్కుంటుంది," అన్నాడు సూది పట్టుకున్న కూతురితో. ఆమె ల్యాబులో ఎముక కణాల మీద పనిచేస్తుంది.

"కుదరదు నాన్నా. ఈ హార్మోను రోజుకోసారి వచ్చిపోతే ఎముక కట్టే కణాలు కొలాజెన్ తయారుచేస్తాయి. స్లాబుకి ఇనుప ఊచలాగా ఎముకకి అది. రోజంతా నెత్తిమీదే కూర్చుందనుకో, అవే కణాలు ఇంకో ప్రొటీన్ ఎక్కువగా వదుల్తాయి. అది ఎముక తినే కణాల్ని రమ్మంటుంది."

"కట్టేవాడే కూల్చేవాణ్ణి పిలుస్తాడా? ఎక్కడే?"

"నీ ఒంట్లోనే."

"నా ఒంట్లో అలాంటి వెధవలు లేరు."

మొదట్లో అతను పొద్దున్నే గోడ దగ్గరికెళ్లి, గుండుదారం పట్టించి నిలువు చూసి, నాలుగు తిట్టి వచ్చేవాడు. గోడ చక్కగా లేచింది. నాలుగు తిట్లకే ఇంత ఫలితమా అనుకుని, ఒకరోజు అక్కడే కుర్చీ వేయించుకున్నాడు.

"సిమెంటు తక్కువ! ఇప్పుడెక్కువ! ఆ వరసేంట్రా, నీ పళ్లలాగా?"

"బావా, అన్నానికెళ్లు."

"నేనెళ్తే నువ్వు పడుకుంటావు."

మధ్యాహ్నానికి బావమరిది తాపీ విసిరేసి, పక్క వీధిలో పాత ఇల్లు పడగొడుతున్న ముఠాను పిలుచుకొచ్చాడు.

"మా బావకి ఒక్క ఇటుకా నచ్చలేదు. మొత్తం కొట్టెయ్యండి."

సమ్మెటలు పడ్డాయి. ఇంటి యజమానురాలు లబోదిబోమంటూ బయటికొచ్చేసరికి పునాది ఒక్కటే మిగిలింది. ఇద్దరి వాదనా విని తీర్పు చెప్పింది.

"కట్టేది మీ బావమరిది. పెద్దమేస్త్రీ మీరే. కాకపోతే రోజూ పొద్దున్న ఒక్కసారి రండి, చూడండి, తిట్టండి, వెళ్లిపోండి."

అన్నం క్యారేజీ పట్టుకొచ్చిన కూతురు నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. భుజాలు మాత్రం ఆగలేదు.

"నవ్వకు," అన్నాడు మేస్త్రీ, కుర్చీ మడత పెట్టి చంకలో ఇరికించుకుంటూ. "ఈ విషయం ఇక నా నోట రాదు. మీరెవరూ ఎత్తకూడదు."