స్క్రీన్‌లోంచి వచ్చిన సాయంత్రం

ప్రోగ్రాములు రాసే శిక్షణ మొదలయ్యే ముందు వాతావరణ కేంద్రం అటెండరు ప్రతి కీబోర్డుకీ ప్లాస్టిక్ కవరు తొడిగి, కుర్చీల కింద పాత తువ్వాళ్లు పడేసి వెళ్లాడు. ప్రోగ్రాం నడిస్తే స్క్రీన్‌లోంచి గాలీ వానా వస్తాయి కదా, తడిస్తే కంప్యూటర్లు పాడైపోవూ! నిన్న వెనక వరసలో ఒకాయన, ఫైల్లో వాన గంటగంటకీ కూడుకుంటూ పోతుందన్న సంగతి మరిచిపోయి ముందటి గంటల వాన తీసివేయలేదు. వారం వాన మొత్తం ఒక్కసారే ఆయన ఒళ్లో పడింది. జలుబు చేసి ఇవాళ రాలేదు.

లెక్కలమ్మ అలాంటి పొరపాట్లు చేసే మనిషి కాదు. అదే కేంద్రంలో ఏళ్ల తరబడి ఎండ ఎంత, చలి ఎంత అని రాస్తూ వచ్చింది కాబట్టి అందరూ ఆమెనలా పిలుస్తారు. భర్త సరస్సు మీద లాంచీ నడుపుతాడు. "ఈ వయసులో నీకు ప్రోగ్రాములేమిటే? పోనీ, అందులో కాస్త చల్లగాలి ఉంటే మూటగట్టుకు రా" అని పొద్దున ఆటపట్టించి మరీ వెళ్లాడు.

"ఇవాళ్టి పని తేలికే," అన్నారు మాస్టారు. పాఠం చెప్పే ఆయన అందరికన్నా చిన్నవాడు, అయినా అందరికీ మాస్టారే. "రాబోయే గంటల అంచనా ఈ ఫైల్లో ఉంది. నేలనీ నీళ్లనీ గళ్లు గళ్లుగా కోసి పెట్టారు. మన ఊరి గడి, ఇప్పటి గంట, ఈ రెండూ పట్టుకోండి. సరిగ్గా రాస్తే స్క్రీన్ గాలీ కిటికీ గాలీ ఒక్కలాగే ఉంటాయి."

లెక్కలమ్మ ఊరి గడి పట్టుకుంది. సరస్సు కూడా అందులోనే ఉంది. గోడ గడియారం చూసి గంట వేసి, బటన్ నొక్కింది.

కిటికీ అవతల ఆకు కదలడం లేదు. ఆమె స్క్రీన్‌లోంచి మాత్రం రివ్వున గాలి కొట్టింది. పాచి వాసన, డీజిల్ వాసన. ఆ గాలిలో ఎవరో ఆడమనిషి ఏడుస్తోంది. ఊపిరందక ఆగి, మళ్లీ అందుకుంటోంది. లెక్కలమ్మ స్క్రీన్ దగ్గరికి చెవి పెట్టింది. ఆ గొంతు తనదే.

మాస్టారు వచ్చి చూశారు. "గంట తప్పు వేశారమ్మా. ఫైల్లో గడియారం ప్రపంచమంతటికీ ఒక్కటే. మనది దానికన్నా ముందు నడుస్తుంది. ఇప్పటిదనుకుని ఇవాళ సాయంత్రం తెరిచారు. కొత్తలో అందరూ చేసేదే."

"మరి ఆ ఏడుపు?"

"గాలి వచ్చాక గాలిలో ఉన్నవీ వస్తాయి కదమ్మా," అని తువ్వాలు అందించి, పక్క కుర్చీ దగ్గరికి వెళ్లిపోయారు.

ఆమె వరండాలోకి వచ్చి భర్తకి ఫోన్ చేసింది. "ఏవండీ, సాయంత్రం లాంచీ ఎక్కకండి."

"ఏమైంది?"

"నేను ఏడుస్తుంటే విన్నాను."

భార్య ఊరికే ఏడ్చే మనిషి కాదని ఆయనకి తెలుసు. "సరే, ఆ ట్రిప్పు బక్కన్నకి అప్పజెబుతాలే," అన్నాడు. బక్కన్న ఇంకో డ్రైవరు. గుమ్మం పట్టని మనిషి కాబట్టి ఆ పేరు పెట్టారు. లెక్కలమ్మ మనసు కుదుటపడి భోజనం డబ్బా విప్పింది.

మధ్యాహ్నం కొత్త అంచనాల ఫైలు వచ్చింది. ఆమె ఈసారి కావాలనే అదే తప్పు గంట వేసింది. అదే గాలి, అదే పాచి వాసన, అదే ఏడుపు. గొంతు మాత్రం తనది కాదు. అమ్మయ్య అనుకుంది. అనుకున్నాక ఎక్కిళ్లు వినిపించాయి. నవ్వినా ఏడ్చినా ఎక్కిళ్లు పెట్టే మనిషి ఆమెకి తెలిసి ఒక్కతే, బక్కన్న భార్య.

ఆ గొంతు ఆ గదిలో ఇంకెవరికీ తెలీదు. ఫైలు మూసేస్తే సరిపోతుంది. తన మనిషి క్షేమం. ఆ ఆలోచన వచ్చినందుకే ఆమెకి తన మీద అసహ్యం వేసింది. లేచి పై అంతస్తులో అధికారి దగ్గరికి పరుగెత్తింది.

"గాలి అంకె హెచ్చరిక గీత దాటలేదమ్మా," అన్నాడాయన.

"గడి అంటే ఊరంత ఉంటుంది సార్. అంతటికీ సగటు తీస్తే సరస్సు మీది సుడిగాలి పలచబడిపోతుంది. నేను ఏడుపు విన్నాను సార్."

ఆయన నవ్వలేదు. "విన్నావు, కాదనను. హెచ్చరికల్లో గాలికి ఎరుపు రంగుంది, వానకి ఎరుపు రంగుంది. ఏడుపుకి ఏ రంగు వేయమంటావు?"

ఆమె మెట్ల మీదే నిలబడి మళ్లీ ఫోన్ చేసింది. "ఇవాళ ఎవరూ నడపకూడదండీ. తాళం జేబులో వేసుకుని ఇంటికి వచ్చేయండి."

"ఓనరు ఊరుకుంటాడా? ఉద్యోగం ఊడుతుందే. ఆ లాంచీ తప్ప నాకు వేరే పని రాదు."

"తెలుసు. ఇప్పుడు బక్కన్న భార్య ఏడుస్తోందండీ."

అటునుంచి నీళ్లు ఒడ్డుకి కొట్టుకునే చప్పుడు వినిపించింది. ఆయన ఫోన్ పెట్టేశాడు.

ఆయన ఏం చేశాడో తెలియకుండానే ఆమె శిక్షణ ముగించుకుని ఇంటికి నడిచింది. గుమ్మంలో ఆయన చెప్పులు కనిపించాయి. లోపల ఆయన తాళం ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఫోన్‌లో ఓనరు తిట్ల మీద తిట్లు తిడుతున్నాడు. చివరికి రేపట్నుంచి రావద్దన్నాడు.

అప్పుడే రివ్వున గాలి లేచి కిటికీ రెక్క గోడకి కొట్టుకుంది. పాచి వాసన, డీజిల్ వాసన. స్క్రీన్ గాలీ కిటికీ గాలీ ఒక్కలాగే ఉన్నాయి. ఆమె ఊపిరి బిగబట్టి చెవులు రిక్కించింది. ఏడుపు లేదు. ఒట్టి గాలి.

భర్తతో ఏదో అనబోయింది. మాట రాలేదు. గంటల తరబడి ఏడ్చిన దానిలా గొంతు పూడుకుపోయింది.

మళ్లీ ఫోన్ మోగింది. బక్కన్న భార్య.

"అన్నయ్య తాళం పట్టుకుపోయాడని మా ఆయన ఒకటే గొణుగుడు వదినా," అంది బొంగురుగా, ఎక్కిళ్ల మధ్య. "ఏమిటో, పల్లెత్తి ఎవర్నీ ఒక మాట అనలేదు, నా గొంతు పోయింది. ఇందాక గాలి లేచినప్పటి నుంచీ ఇంతే."

లెక్కలమ్మకి ఊఁ అనడానికి కూడా గొంతు పెగల్లేదు. గాలి ఆగేదాకా ఇద్దరూ ఫోన్ పెట్టేయలేదు.