పాదులత్త రెండు బిందెలు

ఆవిడ్ని అందరూ పాదులత్త అనేవారు. ఏటి ఒడ్డున పుచ్చపాదులు పెంచడంలో ఆవిడ చేతికి తిరుగులేదు. ఆనకట్ట కట్టాక ఆ ఒడ్డు కాస్తా మునిగిపోయింది. బదులుగా ప్రభుత్వం రెండు చోట్ల భూమి చూపించింది. ఆనకట్ట కింద కాలువ పక్కన ఒకటి, ఎగువన ఏరు జలాశయంలో కలిసేచోట ఏటా వరదకు మునిగే ఇసుకపర్ర ఒకటి. ఏదో ఒకటే ఎంచుకోవాలి; సోమవారం వేలిముద్ర వేస్తే ఇక మార్చుకోవడం కుదరదు.

ఊరంతా కాలువ పక్కకే ఎగబడింది. పాదులత్తకు మాత్రం ఒక అనుమానం నిద్రపట్టనివ్వలేదు. పవర్‌హౌస్‌లో ఆపరేటరుగా చేసే అల్లుణ్ణి అన్నం దగ్గర పట్టుకుంది.

"బాబూ, నీళ్ళలోంచి కరెంటు లాగేస్తారు కదా, ఇక వాటిలో సారం ఏం మిగులుతుందీ?"

అల్లుడికి పొలమారింది. "అత్తయ్యా, నీళ్ళు చక్రాన్ని తిప్పి వెళ్ళిపోతాయి, అంతే. వెన్న తీసిన మజ్జిగ అనుకున్నారా?"

"ఏమో బాబూ, మజ్జిగ చూస్తే తెలీదు, తాగితేనే తెలుస్తుంది."

ఆ మాట పవర్‌హౌస్ దాకా పాకింది. తోటివాళ్ళు పగలబడి నవ్వారు. పరువు దక్కించుకుందామని అతనే శనివారం రెండు బిందెలు నింపి తెచ్చాడు. ఒకటి ఎగువ ఏటి నీళ్ళు, ఒకటి చక్రం దాటొచ్చిన నీళ్ళు. ఆదివారమంతా పాదులత్త వాటి మీద ఈగను వాలనివ్వలేదు.

సోమవారం పొద్దున్నే నీళ్ళు మెల్లగా వంపేసింది. పవర్‌హౌస్ బిందె అడుగు తోమిపెట్టినట్టుంది. ఏటి బిందె అడుగున గుప్పెడు నల్లటి ఒండ్రు.

దాన్ని వేళ్ళతో నలిపి వాసన చూసింది. ఇన్నేళ్ళూ తన పాదులను సాకింది ఇదే. అడక్కుండానే వరద తెచ్చిపోసేది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మీ చక్రం పాపం ఏమీ లేదు బాబూ. సారం అక్కడిదాకా రానేలేదు. ఆనకట్ట గోడ వెనకే ఆగిపోయింది."

అల్లుడు బిందెలోకి రెండుసార్లు తొంగిచూశాడు. నవ్వలేదు.

పాదులత్త ఇసుకపర్రకే వేలిముద్ర వేసింది. గుమస్తా ఆవిడ్ని పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. బయటికొచ్చాక వేలి సిరా తుడుచుకుంటూ అల్లుణ్ణి అడిగింది.

"బిందెకే గుప్పెడుంటే, ఆ గోడ వెనక ఎంత చేరుతోంది? ఎన్నాళ్ళకు జలాశయమంతా మట్టితో నిండుతుందీ?"

ఆ రోజు డ్యూటీ ఎక్కగానే అల్లుడు అదే ప్రశ్న అందరి ముందూ వేశాడు. ఈసారి ఎవరికీ నవ్వు రాలేదు.