అ అంటే అల్లరి

ఆటల టీచరమ్మ అని ఊరంతా పిలిచే ఆవిడ, తాను పెట్టిన బడిలోనే మనవరాలి సీటు కోసం గంటసేపు బెంచీ మీద కూర్చోవలసి వచ్చింది. నలభై ఏళ్ల కిందట కారు షెడ్డులో పదకొండు మంది పిల్లలతో మొదలైన బడి ఇది. ఐదేళ్లలోపు పిల్లలకు పరీక్షలు పెట్టేవాళ్లకు బుద్ధి లేదని ఆవిడ ఎక్కని వేదిక లేదు. మైకు ముందు ఆ మాట అంటున్న ఫొటో ఎదురు గోడకే ఉంది. దాని కిందే "ప్రవేశ పరీక్ష ఈ గదిలో" అని బోర్డు.

"ఈ సీటు రాకపోతే నేను ఉద్యోగం మానుకోవాల్సిందే అమ్మా. నీ సిద్ధాంతాలు అక్కడ విప్పకు" అని కూతురు పొద్దున్నే చేతులు పట్టుకుని మరీ బతిమాలింది. అందుకే ఆవిడ నోరు కుట్టేసుకుని వచ్చింది.

లోపల హెడ్‌మిస్ట్రెస్ చటుక్కున లేచి నిలబడింది. "మీరు రావడం మా అదృష్టం!" అని, అదే నవ్వుతో మనవరాలి వైపు తిరిగింది. నాలుగేళ్ల ఆ పిల్లను ఇంట్లో అందరూ పిడుగు అంటారు.

"అ అంటే?"

"అల్లరి!" గది దద్దరిల్లింది.

అమ్మమ్మకు కడుపు నిండిపోయింది. అది పిల్లల కోసం తాను రాసిన మొదటి పుస్తకంలో మొదటి పేజీ. బల్లకు తలకిందులుగా వేలాడే రెండు జడల పాప బొమ్మ. పెద్దలంతా మండిపడ్డా ఆ రోజుల్లో ఆవిడ ఒక్క అక్షరం మార్చలేదు.

"తప్పు. అ అంటే అణకువ. మీ పుస్తకమే కదమ్మా, మీకు తెలియనిదేముంది?" అంటూ హెడ్‌మిస్ట్రెస్ కొత్త ముద్రణ ముందుకు జరిపింది.

అట్ట మీద తన పేరే. అప్పుడు గుర్తొచ్చింది. "చిన్నచిన్న సవరణలు" అంటూ మూడేళ్ల కిందట ఒక కాగితం వస్తే, పిల్లల స్వేచ్ఛ మీద ఉపన్యాసానికి వేళవుతోందని చదవకుండానే సంతకం పడేసింది. ఇక ఎవరిని తిట్టుకోవాలి?

"మీ మీద గౌరవంతో ఇంకోసారి అడుగుతాను" అంది హెడ్‌మిస్ట్రెస్.

కూతురి మొహం కళ్ల ముందు ఆడింది. ఆవిడ వంగి, పిడుగు చెవిలో గుసగుసలాడింది. "అణకువ అను తల్లీ."

పిడుగు అమ్మమ్మను ఎగాదిగా చూసింది. "అణకువ" అంది, వినబడీ వినబడనంత మెల్లగా.

సీటు వచ్చేసింది. హెడ్‌మిస్ట్రెస్ మురిసిపోయి, ఆ పుస్తకం మీదే సంతకం చేసిమ్మంది. అమ్మమ్మ సిగ్గుపడుతూనే సంచిలో పెన్ను వెతికింది. పిడుగు ఈలోగా మొదటి పేజీ తిప్పింది. అదే రెండు జడల పాప, చేతులు కట్టుకుని నిటారుగా నిలబడి ఉంది.

"అమ్మమ్మా, ఈ పాప బల్ల దిగిపోయిందేం? జ్వరమొచ్చిందా?"