ఆశమ్మ ఇంటి స్లాబు

నేను ఒక కాంక్రీటు కలిపే యంత్రాన్ని. పనిలో ఉన్నన్నాళ్లూ ఎవరూ నన్ను ఇంత మర్యాదగా పిలవలేదనుకోండి. మేస్త్రీలకు నేను ఉత్త మిల్లర్‌ని. ఇప్పుడు హైదరాబాదు పొలిమేరలో ఒక పాత ఇనుము కొట్టు వెనక పక్కకి ఒరిగి పడి ఉన్నాను. చక్రం ఒకటి లేదు. కడుపులో గట్టిపడిన సిమెంటు ఇనుము కింద లెక్కకి రాదని నన్ను కొన్నవాడు రోజూ వచ్చి తిట్టి పోతాడు. నాకు కోపం రావడం లేదు. బాగా అలసిపోయాక కోపం తెచ్చుకోవడం కూడా ఒక పనిలాగే ఉంటుంది.

గుజరాత్‌లో ఒక రేకుల షెడ్డులో నన్ను అతికించారు. అతికించినవాడిది ఒరిస్సా. పగలంతా నిప్పురవ్వల మధ్య కూర్చుని, మధ్యాహ్నం ఇంటికి ఫోన్ చేసి వానల గురించి అడిగేవాడు. లారీ ఎక్కి హైదరాబాదు వస్తే జంగయ్య మేస్త్రీ నాకు పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టాడు. మర్నాడు పొద్దున్నే నోట్లో కంకర పోశాడు. మనుషుల పూజలన్నీ పనికి ముందే ఉంటాయి, తరవాత ఉండవు.

అక్కడే ఆశమ్మని చూశాను. మక్తల్ అవతలి ఊరు. మొగుడు మొగులయ్య నా ఇంజను హ్యాండిల్ తిప్పేవాడు. ఆశమ్మ ఇసుక గంపలు తెచ్చి నా తొట్టిలో పోసేది. రెండెకరాల చేనుంది వాళ్లకి. రెండు బోర్లు వేస్తే రెండూ ఎండిపోయాయి. మూడో బోరు మాట ఎత్తేలోగా బస్సెక్కారు. కూతురు రజితని చంకనేసుకుని వచ్చారు.

మేం మొదట కట్టిన అపార్టుమెంటు నిన్నమొన్నటి దాకా జొన్నచేను. గొర్లకుంట అనే చెరువులోకి నీళ్లు పోయే వాగు అందులోంచే పారేది. వాగుని మట్టితో పూడ్చి పునాది తీశారు. సైటు ఇంజనీరు మంచివాడే, కాస్త మాటకారి. ఒకరోజు ఫోన్లో ఏదో చదువుతూ, "ఆశమ్మా, ప్రపంచంల సగం కంటె ఎక్కువ జనం పట్నాలల్లనే ఉన్నరంట తెలుసా? ఆఫ్రికా నుంచి చైనా దాకా అంతటా ఇదే కథ" అన్నాడు.

"మిగిలినోల్లు దార్ల ఉన్నట్టుంది సారూ" అంది ఆశమ్మ, గంప దించకుండానే. ఇంజనీరు నవ్వాడు. ఆమె నవ్వలేదు. నిజంగానే అనుకుని అంది.

సైటులోనే రేకుల గుడిసెల్లో ఉండేవాళ్లు. భవనం పూర్తయిన రోజున గుడిసెలు పీకేస్తారు. గోడలు లేచేదాకా వాళ్లు అక్కడివాళ్లు. రంగులు వేశాక గేటు దగ్గర ఆపి, ఎవరు కావాలని అడుగుతారు. అలా ఎన్ని భవనాలు కట్టామో నాకు గుర్తులేదు. ఏ ఇంట్లో ఎవరున్నారో కూడా తెలీదు.

మొగులయ్య ప్రాణం మాత్రం చేను మీదే ఉండేది. మబ్బు పడితే చాలు, హ్యాండిల్ పక్కన పెట్టి ఆకాశం చూసేవాడు. ఒక సాయంత్రం నా పక్కనే రాళ్ల పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే మాట కదిపాడు.

"మనదిక్కు వాన గట్టిగ పడ్డదంట. పోదమా?"

"నువ్వు పోయిరా."

"నీకు ఊరు యాదికే రాదానే?"

ఆశమ్మ పొయ్యిలో పుల్ల లోపలికి తోసింది. "నీకు చేను యాదికొస్తది. నాకు హోటల్ కాడి గ్లాసు యాదికొస్తది. మనకని బయట గూట్లె పెట్టిన గ్లాసు. మనం తాగి మనమే కడిగి పెట్టాలె. ఈడ ట్యాంకర్ కాడ బిందెకు బిందె తగిలితె తిడ్తరు. మస్తు తిడ్తరు. గని ముట్టుకుంటివని ఎవ్వరు తిట్టరు."

మొగులయ్య వంగి అన్నం గిన్నె దించాడు. బోర్లు ఎండి వచ్చారనే నేనూ అనుకున్నాను అంతవరకు. ఆయన మాత్రం బోర్లు ఎండే వచ్చాడు.

రజిత ఏడో తరగతికొచ్చేసరికి గొర్లకుంట ఎండిన అంచున ఒక లీడరు జాగాలు అమ్ముతున్నాడని తెలిసింది. కాయితాలు గట్టివేనన్నాడు. ఇంటిపన్ను కట్టించుకున్నారు, కరెంటు మీటరు కూడా పెట్టారు. ఆశమ్మ అరవై గజాలు కొనుక్కుంది. ఎలా కొన్నదో చెప్పను. చెవులకి వేపపుల్లలు మిగిలాయి.

స్లాబు రోజున జంగయ్య నన్ను కిరాయి లేకుండా పంపాడు. ఆ బస్తీ అంతా కూలీలే. బీహారువాళ్లు, శ్రీకాకుళంవాళ్లు, నారాయణపేటవాళ్లు తలా ఒక గంప పట్టారు. మొగులయ్య నా హ్యాండిల్ తిప్పుతూ ఎప్పుడూ లేనిది కూనిరాగం తీశాడు. ఆశమ్మ మాత్రం అందరి మీదా అరుస్తూనే ఉంది. "నీల్లు ఎక్కువైతున్నయ్! పల్చగ కలపకుర్రి, ఇది నా ఇల్లు!" ఎన్నో వేల గంపలు మోసిన మనిషి, 'నా' అనే మాట పెట్టి మాట్లాడటం అదే మొదటిసారి వినడం. ఆ రోజు నా గొంతు కూడా కాస్త తక్కువ గరగరలాడిందని అనుకుంటాను.

తరవాత పనికీ పనికీ మధ్య జంగయ్య నన్ను ఆశమ్మ ఇంటి పక్క ఖాళీలోనే నిలిపేవాడు. అందుకే మిగతాదంతా చూడాల్సి వచ్చింది.

మూడేళ్లకి పెద్ద వాన పడింది. నీళ్లు తమ పాత దారి వెతుక్కుంటూ వచ్చాయి. వాగు మీద మేం కట్టిన అపార్టుమెంటులో కార్లు మునిగాయి. పేపర్లలో రాశారు, టీవీల్లో అరిచారు. చెరువుని మళ్లీ చెరువు చెయ్యాలని అధికారులు గట్టిగా అనుకున్నారు. అపార్టుమెంటువాళ్లు కోర్టుకెళ్లి ఆపించుకున్నారు. బస్తీ దగ్గరికి పొద్దున్నే జేసీబీ వచ్చింది. చెరువు కావాలన్నది తప్పేమీ కాదు. ఆ రెండు కట్టడాలకీ నేనే కలిపాను. సిమెంటులో తేడా లేదు.

ఆశమ్మ గిన్నెలు, బట్టలు, రజిత పుస్తకాలు బయట పెట్టింది. జేసీబీ తొండం లేచాక చెయ్యి అడ్డం పెట్టింది.

"తలుపు ఊడదీసుకునేదాక ఆగు తమ్మీ. కొత్త తలుపు."

డ్రైవరు ఇంజను ఆపాడు. "ఏ ఊరక్కా మీది?" అని అడిగాడు. చెప్పింది. తనది పక్క మండలమేనన్నాడు. దిగి, పానా తెచ్చి మొగులయ్యతో కలిసి తలుపు విప్పాడు. ఇద్దరూ దాన్ని మోసుకొచ్చి నాకు ఆనించారు. తరవాత వాడు వెళ్లి తన సీట్లో కూర్చున్నాడు. స్లాబు ఒక్క దెబ్బకి పడలేదు. నీళ్లు ఎక్కువ పోయనివ్వలేదు కదా ఆమె. చాలాసేపు పట్టింది. అంతసేపూ ఆశమ్మ కూతురి తల తన వైపు తిప్పుకుని నిలబడింది.

"ఇగనన్న పోదమా?" అన్నాడు మొగులయ్య సాయంత్రం.

"పిల్ల పదో తరగతి పరీచ్చలున్నయ్."

ఆయన తలుపు బస్సు మీద వేసుకుని ఊరికి వెళ్లాడు. ఆమె ఇంకా దూరంగా, సిటీ బస్సు ఆగిపోయే చోట, ఒక గది కిరాయికి తీసుకుంది. అదే వారం జంగయ్య సైటులో నా దగ్గరికి వచ్చి గంప ఎత్తింది. ఏడవలేదు. ఇసుకలో మట్టి ఎక్కువుందని మాత్రం గొణిగింది.

ఆరు నెలలకి మొగులయ్య తిరిగొచ్చాడు. ఆ మనిషి ఒక్కసారిగా ముసలివాడయ్యాడు. చుట్టూ చేలన్నీ వెంచర్లకి అమ్మేశారట, ఎక్కడ చూసినా తెల్లరాళ్లు పాతి ఉన్నాయట. ఆయన చేనుకి పోయే బాట కూడా ఎవరి ప్లాటులోనో కలిసిపోయింది.

"పట్నం ఆడికి గూడ వచ్చిందే" అన్నాడు.

ఆశమ్మ తన టిఫిను డబ్బా తెరిచి సగం అన్నం ఆయన ముందు పెట్టింది.

తరవాత తయారైన కాంక్రీటు తెచ్చే పెద్ద పెద్ద లారీలు వచ్చాయి. నడుస్తూనే కలుపుతాయి అవి. జంగయ్య కొన్నాళ్లు ఓపిక పట్టి, నన్ను పాత ఇనుముకి ఇచ్చేశాడు. ట్రాలీలో తీసుకొస్తుంటే పొద్దున్నే లేబర్ అడ్డా దగ్గర సిగ్నల్ పడింది. ఫుట్‌పాత్ మీద వందమంది దాకా ఉన్నారు. వాళ్లలో ఆశమ్మ కనిపించింది. జుట్టు సగం తెల్లబడింది. రజిత నర్సింగు చదువుతోందని జంగయ్య ఎవరితోనో అనగా విన్నాను.

అప్పుడే బస్సు దిగి ఒక పడుచు జంట వచ్చింది. నెత్తిన మూట, చేతిలో ప్లాస్టిక్ బకెట్. ఆ అమ్మాయి తనకొచ్చిన భాషలో ఏదో అడిగింది. ఎవరికీ అర్థం కాలేదు. ఎవరూ జరగలేదు కూడా. ఉన్న పనే అందరికీ చాలడం లేదు.

ఆశమ్మ ఆ అమ్మాయిని కింది నుంచి పై దాకా చూసింది. తన గంపని ఒళ్లోకి తీసుకుని కాస్త పక్కకి జరిగింది.

"కూసో" అంది. "నీల్లు తాగినవా?"

సిగ్నల్ పచ్చ పడింది. ట్రాలీ కదిలింది.