నా పేరు పెట్టుకున్న పిల్ల

మా చెల్లిని ఆరేళ్ళు వెతికాను. ప్రేమతో వెతికానని నలుగురూ అనుకుంటే అనుకోనివ్వండి. సగం కుళ్ళుతోనే వెతికాను.

నా పేరు జిఫారే, దాని పేరు గలానే. అమ్మ పోయిన ఏడాది పిల్లల్లేని దంపతులు మా ఇంటికొచ్చారు. నాకు ఎనిమిదేళ్ళు, దానికి మూడు. ఇద్దరిలో ఒకరిని పెంచుకుంటారని నాన్న అనగానే నేను ఏటికి పరిగెత్తి మొహం కడుక్కొచ్చాను. కుండలో మిగిలిన వెన్నంతా, మాలో ముస్తాబంటే అదే, తలకు పట్టించుకుని, వచ్చినావిడ ఎదురుగా నిలబడ్డాను. గలానే ముక్కు కారుతూ ఓ మూల కూర్చుని మట్టి తింటోంది. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది, చూసి దాన్ని చంకనేసుకుంది.

"పెద్దది వద్దు. దాని చూపు చూడు, ఎంత పెంచినా నన్ను అమ్మా అనదు," అంది మొగుడితో. నాకు వినపడదనుకుంది కాబోలు.

మాలో గుడిఫెచ్చా అంటే ఊరికే పెంచుకోవడం కాదు. ఇచ్చిన ఇల్లు ఇక ఆ పిల్ల ఊసెత్తకూడదు. 'మా ఇంట్లో ఎవరమూ ఈ పిల్ల మాది అనం' అని నాన్న పెద్దల ముందు పచ్చగడ్డి చేతబట్టి ఒట్టు వేశాడు. అది ఏ ఊరు వెళ్ళిందో చచ్చేదాకా నాకు చెప్పలేదు. సవతి తల్లి చేతిలో దెబ్బలు తిన్నప్పుడల్లా ఒకటే అనుకునేదాన్ని. ఆ ముక్కుచీమిడిదానికి అమ్మ దొరికింది, నాకు చీపురుకట్ట దొరికింది.

పెళ్ళయ్యాక వెన్న వ్యాపారంలో దిగాను. గింబి చుట్టుపక్కల రోజుకో ఊళ్ళో సంత. పెంచుకున్న పిల్ల ఎవరింట్లో ఉందని సూటిగా అడిగితే మావాళ్ళు చెప్పరు సరికదా, తరిమికొడతారు. పరాయి పిల్లను తెచ్చుకుంటే కడుపు పండుతుందని మా దగ్గర నమ్మకం. అందుకని తిప్పి అడిగేదాన్ని.

"చాలాకాలం పిల్లల్లేక, ఆలస్యంగా కన్నావిడ ఎవరన్నా ఉన్నారా మీ ఊళ్ళో?"

"ఎందుకే నీకు?"

"మా ఆడపడుచుకి పిల్లల్లేరమ్మా. అలాంటావిడ చేత దీవెన ఇప్పిద్దామని."

ఇలా ఆరేళ్ళలో పదకొండు గడపలు ఎక్కి దిగాను. ఎక్కడా మా పిల్ల లేదు. పోయిన గురువారం సంతలో ఒకామె పన్నెండో గడప చెప్పింది. "వర్కితు ఉందిగా! ఎనిమిదేళ్ళు పిల్లల్లేరు, ఇప్పుడు ఇద్దరు ఆడపిల్లలు. పెద్దది పురిటికొచ్చింది. వెన్న తీసుకెళ్ళు, నీకు బేరమూ తగులుతుంది."

తలుపు తీసిన మనిషిని చూడగానే గుర్తుపట్టాను. ఎడమ కన్ను కాస్త చిన్నది. నన్ను వద్దన్న మొహం అదే. కావాలనే బుట్టలో పైనున్న పాత వెన్న తీసిచ్చాను. ఆవిడ వేలితో రాసి వాసన చూసింది.

"ఇది నీ మొగుడికి పెట్టుకో. కింద దాచావే, అది తియ్యి."

లోపల మంచం మీద గలానే. ఒళ్ళో పసిగుడ్డు. అమ్మ మొహం, అమ్మ చెవులు! నాకు ఒక్క పోలికా రాలేదు, అవీ దీనికే. వర్కితు బార్లీ సంకటి గిన్నె ముందు పెట్టుకుని, మధ్యలో గుంట చేసి కాచిన వెన్న పోసి ముద్ద తీసింది.

"నోరు తెరువు."

"నాకేం చేతుల్లేవా అమ్మా?"

"ఉంటే ఉన్నాయిలే. తెరువు."

నాకు ముగ్గురు పిల్లలు. మూడు పురుళ్ళకీ నా సంకటి నేనే కెలుక్కున్నాను. నా నోటి ముందుకి ఒక్కసారంటే ఒక్కసారి ఎవరి చెయ్యీ రాలేదు. కడుపు మండిపోయింది. ఇప్పుడే చెప్పేస్తాను, ఇది నా చెల్లి అని, ఆ ముద్ద గొంతులో ఉండగానే చెప్పేస్తాను అనుకున్నాను.

అంతలో గలానే గొంతెత్తి పిలిచింది. "జిఫారే!"

నేను లేచి నిలబడ్డాను. నా వెనక పెరటి గుమ్మంలోంచి ఇరవై ఏళ్ళ పిల్ల పరిగెత్తుకొచ్చింది.

"ఏంటక్కా?"

"రావే, నీ ముద్ద చల్లారిపోతోంది. అక్క పెట్టందే దీని గొంతు దిగదు," అంది గలానే నాతో నవ్వుతూ. ఆ పిల్ల మంచమెక్కి, గలానే భుజం మీద తల వాల్చి నోరు తెరిచింది. నా చెల్లి, నా పేరు, రెండూ దానివే అయిపోయాయి!

వర్కితు నన్ను చూస్తూనే ఉంది. బుట్ట అందుకుని, "పెరట్లోకి రా, తూకం వేద్దాం," అంది. బయటికొచ్చాక తూకం ఊసే లేదు.

"గుమ్మంలోనే పోల్చుకున్నాను. ఆ చూపు మారలేదు."

"పిల్లను పట్టుకుపోయింది చాలక పేరు కూడా దొంగిలించావా?"

"దొంగతనమా? విను చెప్తాను. తెచ్చిన రోజు నుంచి అది ఏడిస్తే అమ్మా అనలేదే తల్లీ. పడితే జిఫారే. ఆకలేస్తే జిఫారే. రెండేళ్ళు! నేను నెత్తిన పెట్టుకుని మోస్తుంటే దాని కళ్ళు దారివైపే. ఎనిమిదేళ్ళ పిల్లవి, నిన్ను తలుచుకుని నేను కుళ్ళి చచ్చాను. చిన్నది పుట్టగానే 'ఇదిగోనే నీ జిఫారే' అని దాని ఒళ్ళో పెట్టాను. అప్పుడు అంది నన్ను, మొదటిసారి, అమ్మా అని."

ఇరవై రెండేళ్ళుగా నేను ఎవరి మీద ఏడుస్తున్నానో ఆ మనిషి నన్ను తలుచుకుని ఏడ్చిందట!

"దానికి తెలుసా?"

"తెలీదు. అంతా మరిచిపోయింది. మీ నాన్న ఒట్టు వేశాడు, కానీ నీ నోరు నేను కట్టగలనా? చెప్పదలుచుకుంటే చెప్పుకో." బుట్ట నా చేతికిచ్చేసింది.

బుట్టతో లోపలికొచ్చి, వెళ్ళొస్తానన్నాను.

"అదేంటి, పురిటింటికొచ్చి ఏమీ తినకుండా పోతావా? కూర్చో," అంది గలానే. "ఇంతకీ నీ పేరేంటి?"

వర్కితు గుమ్మంలోనే ఆగిపోయింది. నేను నీ అక్కనే అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. నాన్న చేతిలోని పచ్చగడ్డి కళ్ళలో మెదిలింది. పేరడిగితే పేరు చెప్పనని మాత్రం ఆయన ఒట్టు వేయలేదు కదా!

"జిఫారే," అన్నాను.

గలానే నవ్వు ఆగిపోయింది. "జిఫారే," అంది మెల్లగా. ఇందాక పెరట్లోకి పిలిచిన పిలుపు కాదది. కాసేపు నన్నే చూసింది. తర్వాత వెన్న గుంటలో ముంచి పెద్ద ముద్ద తీసి, అడగకుండానే నా నోట్లో పెట్టింది. కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. వేడిగా ఉందన్నాను.

"అక్కా! అంత ముద్ద నాకెప్పుడైనా పెట్టావా?" అని చిన్న జిఫారే మూతి ముడుచుకుని మంచం దిగిపోయింది.

కుళ్ళుకోవే పిల్లా, బాగా కుళ్ళుకో అనుకుని, రెండో ముద్దకి నోరు తెరిచాను.